ఆరు గీట్ల సీసా

మొన్న రక్తపరీక్షకు వెళితే, సూది గుచ్చే ముందు అక్కడి అమ్మాయి ఒక కాగితం నింపాలంది. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను కాబట్టి తనే ఒక్కొక్కటీ అడుగుతూ నింపింది. రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా అంది. తినలేదన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో కొంత ఫిర్యాదు ఉండే ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు షుగరు, బీపీ, గుండెజబ్బు లాంటివేమైనా ఉండేవా అని అడిగింది. మా ఇంట్లో జబ్బులు ఉండేవి కావమ్మా, చావులు మాత్రం ఉండేవి అన్నాను. ఆ జవాబుకు కాగితం మీద గడి లేదు. ఆ పిల్ల కాసేపు నా మొహం చూసి, "తెలియదు" అన్న గడిలో టిక్కు పెట్టుకుంది. సూది గుచ్చించుకుని, మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని బెంచీ మీద కూర్చున్నాక ఆ టిక్కు నన్ను కాస్త బాధపెట్టింది. తెలియకపోవడమేమిటి? జహీరాబాదులో మా ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఒళ్లు వెచ్చబడిందో, ఎవరు ఏ కషాయానికి వాంతి చేసుకున్నారో నాకు ఇప్పటికీ తెలుసు. రాయడానికి వాళ్ల కాగితంలో జాగా చాలదు, అంతే.

మా ఇంటి వైద్యారోగ్య శాఖ మొత్తం మా నాయినమ్మ చేతుల్లో ఉండేది. స్టేషనుకు పోయే తోవలో మా ఇల్లు. ఇంట్లో ఆరుగురం: నాయినమ్మ, బాపు, అమ్మ, బాపు తమ్ముడైన కాక, ఆయన భార్య చిన్నమ్మ, పదకొండేళ్ల నేను. పొద్దున లేస్తే వాము వేయించిన వాసన, సందెకు వేపాకు పొగ, పదిహేను రోజులకొకసారి ఆముదం. పొగ దోమల కోసమని ఇప్పుడు అనుకుంటారు గాని, నాయినమ్మ దాన్ని గాలి కోసం వేసేది. దోమలు వాటంతట అవే నొచ్చుకుని పోయేవి. ఆమె చేసే పరీక్షలు మూడు: నుదుటి మీద చేతి వెనకవైపు ఆనించడం, కింది కనురెప్ప లాగి చూడటం, నాలుక బయటపెట్టించడం. ఫలితాలు కూడా మూడే: వేడి చేసింది, చలువ చేసింది, దిష్టి తగిలింది. ఈ మూడింట్లోకి రాని బాధలను బడి ఎగ్గొట్టే బాధల కింద జమకట్టేది, నా విషయంలో చాలావరకు అవి అవే. రిపోర్టు అప్పటికప్పుడే వచ్చేది. పరీక్షకు ఎవరూ ఉపవాసముండి రావలసిన పని లేదు, ఉపవాసం పరీక్ష తరువాత మొదలయ్యేది. పోషకాహారం గురించి ఆమెకు ఒకటే సూత్రం: నాలుక దేన్ని అడుగుతుందో అది ఒంటికి పడదు. వంకాయ దురద, పల్లీలు పైత్యం, రాత్రిపూట పెరుగు దగ్గు, జ్వరంలో పాలు విషం. ఈ లెక్కన మా ఇంట్లో జబ్బుపడిన మనిషి, జబ్బు తగ్గి కాకపోతే ఆకలితోనైనా, మూడో రోజుకు లేచి కూర్చునేవాడు. నాయినమ్మ దాన్ని తన వైద్యం గెలిచినట్టుగా చెప్పుకునేది.

ఆమె న్యాయం కూడా వైద్యమంత గట్టిది. ఇంట్లోకి వచ్చింది ఏదైనా ఆరు వాటాలు కావాలి. కోహీర్ నుంచి ఎవరో ఒక్క జాంపండు తెచ్చి ఇచ్చినా కత్తిపీట ముందేసుకుని ఆరు తునకలు కోసేది, గింజలు ఎక్కువున్న తునక తాను తీసుకునేది. కాక ఒకసారి వారపు అంగడిలో ఒంటరిగా జిలేబి తిన్నాడని తెలిసి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఒక్కరు తిని ఒక్కరు చూసే ఇల్లు ఇల్లే కాదనేది. ఈ మాటలో తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకేమీ దొరకదు. దాన్ని ఎక్కడిదాకా తీసుకుపోవచ్చో ఆమె మాకు చూపించింది, అంతవరకే నా ఫిర్యాదు.

ఇక ఊళ్లో సర్కారీ దవాఖాన ఉండేది. అందులో డాక్టరు సాబు ఉండేవాడు గాని, మాకు తెలిసిన వైద్యుడు మాత్రం కాంపౌండరు ఖాదర్ సాబే. పొడుగాటి మనిషి, చేతులెప్పుడూ ఫినాయిలు వాసన కొట్టేవి. మందు కావాలంటే మన సీసా మనమే కడిగి తీసుకుపోవాలి. ఆయన అందులో మందు పోసి, ఒక కాగితపు ముక్కను అంచు వెంట కత్తెరతో గీట్లు పడేటట్టు కత్తిరించి, సీసాకు నిలువుగా అతికించి ఇచ్చేవాడు. ఒక గీటు నుంచి ఇంకో గీటు దాకా ఒక మోతాదు. ఒకసారి నాయినమ్మకు దగ్గు పట్టి విడవకపోతే బాపు బతిమాలి ఆమెను అక్కడికి తీసుకుపోయాడు. ఖాదర్ సాబు థర్మామీటరును స్పిరిటు దూదితో తుడిచి నోరు తెరవమన్నాడు. ఇది ఇంతకు ముందు ఎవరి నోట్లో ఉండెనని ఆమె అడిగింది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయన నోట్లో అన్నాడు. నాయినమ్మ కొంగు సర్దుకుని, దగ్గు తగ్గిందని చెప్పి, ఇంటిదాకా దగ్గుకుంటూ నడిచి వచ్చింది. ఆయన చేతి మందు తాగడానికి ఆమెకు అభ్యంతరం లేదు. మందుకు అంటు లేదనేది. ఎంగిలి మాత్రం వేరే సంగతి. తోబుట్టువుల ఎంగిలి కూడా మా ఇంట్లో చెల్లేది కాదు, చెంబుతో నీళ్లు తాగినా పైనుంచి నోట్లోకి ఎత్తిపోసుకోవలసిందే.

ఆ ఏడు వానలు వెనక్కి తగ్గే రోజుల్లో చిన్నమ్మకు చలిజ్వరం పట్టుకుంది. న్యాల్‌కల్ నుంచి వచ్చిన పిల్ల, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, పెళ్లయి రెండేళ్లు. మాటల్లో కన్నడం దొర్లితే అమ్మ నవ్వేది, ఆమె కూడా నవ్వేది. రాత్రిళ్లు నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆ జ్వరం దినం తప్పించి దినం, సరిగ్గా మధ్యాహ్నం, బీదర్ వైపు పోయే రైలు కంటే నిక్కచ్చిగా వచ్చేది. ముందు వణుకు, మూడు బొంతలు కప్పినా ఆగని వణుకు, తరువాత ఒళ్లు పెనం, తరువాత చెమట. మర్నాడు లేచి నీళ్లు తోడేది. ఆ మర్నాడు మళ్లీ బొంతలు. రెండు వారాలకు ఆమె చేతిగాజులు మోచేతి దాకా జారసాగాయి. కషాయాలు అయినాయి, దిష్టి తీయడం అయింది, లంఖణం నడుస్తూనే ఉంది. అప్పుడు బాపు గొంతు సవరించుకుని, దవాఖాన మందు కూడా ఒకటి చూద్దామన్నాడు. నాయినమ్మ చూద్దామంది. నేను సీసా కడిగి తీసుకుపోయాను.

క్వినైనుతో కలిపిన మందు. ఖాదర్ సాబు ఆరు గీట్ల కాగితం అతికించి, కుదిపి తాగాలని, ఏమైనా తిన్నాక తాగాలని, దినానికి మూడు చొప్పున రెండు దినాలని చెప్పి పంపాడు. నేను ఇంటికొచ్చి అంతా అప్పజెప్పాను. నాయినమ్మ వింటున్నట్టే విని సీసాను వెలుతురుకు పట్టి చూసింది. ఆమె మొహంలో నాకు కనిపించింది మెచ్చుకోలు. గీట్లు ఆరు, మనం ఆరుగురం, డాక్టరు సాబుకు మన ఇంటి సంగతి తెలుసు అంది. దినానికి మూడు సంగతి చెప్పబోయాను. "నీకు లెక్కలు బడిల చెప్తరు, నాకు ఇంట్ల చెప్పిన్రు. ఊకో," అంది. ఇంట్లో ఒకరికి పట్టిన జ్వరం రేపు అందరికీ పడుతుంది, మందు అందరికీ ముందే పడితే జ్వరానికి జాగా ఉండదు అన్నది ఆమె తర్కం. దీన్నే ఇప్పుడు ముందుజాగ్రత్త అంటారు, పోస్టర్లు కూడా వేస్తారు.

అందరం వరసగా నిలబడ్డాం. తల వెనక్కి వాల్చి నోరు తెరిస్తే, నాయినమ్మ గీటు మీద బొటనవేలి గోరు పెట్టి పైనుంచి పోసేది. జ్వరం మనిషి కాబట్టి చిన్నమ్మకు మొదట. తరువాత కాక, బాపు, అమ్మ, నేను, ఆఖరుకు ఆమె. సీసా కుదిపే ప్రసక్తి లేదు. చిలకడం మజ్జిగకు, మందుకు కాదు అనేది. అందువల్ల పైనున్న తేట నీళ్లన్నీ చిన్నమ్మకు పడేవి, అడుగున పేరుకున్న చిక్కటి చేదంతా నాయినమ్మ తన వాటాగా మింగేది. జాంపండులో గింజల తునక తీసుకున్నట్టే. జ్వరం లేని అయిదుగురికి మందు బాగా ఒంటబట్టింది. బాపు ఉర్దూ బడిలో ఆరో జమాతు దాకా చదివిన మనిషి, తాలూకా కచేరీలో గుమాస్తా. ఆయనకు గీట్ల సంగతి తెలియదని నేననుకోను. తెలిసే తాగేవాడు. తల్లికి ఎదురుచెప్పడం కంటే క్వినైను చేదు తక్కువ. రెండు దినాలకు రెండో సీసా వచ్చింది, అదీ అట్లాగే ఆరు నోళ్లలోకి పోయింది. ఇంటిల్లిపాదికీ చెవులు హోరుమనసాగాయి. నాయినమ్మకు రైలు కూత వినిపించేది. అది వచ్చిందేమో చూసి రమ్మని కాకను మాటిమాటికీ స్టేషనుకు తోలేది. చిన్నమ్మ చెవులకు మాత్రం ఏమీ వినిపించలేదు. ఆమె జ్వరం ఒక్క పూట కూడా ఆలస్యం కాలేదు.

రెండో సీసా అయిపోయిన సాయంత్రం నాయినమ్మ తీర్పు చెప్పింది. ఇంతమంది తాగిన మందుకు తగ్గలేదంటే ఇది ఇక్కడి జ్వరం కాదు, న్యాల్‌కల్‌ది. అమ్మ వింటుండగా కాకతో అంది: "అంగడి నాటికి సూద్దాం. అప్పటికి గిట్లనే ఉంటె బండి కట్టి తోలుకపో. ఆళ్ల పిల్ల ఆళ్ల నీళ్లకు మంచిగైతది." కాక నేల చూశాడు. అంగడి ఇంకా ఆరు దినాలుంది. ఆ మాటకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు, గోడ అవతల పడుకున్న చిన్నమ్మకు ముందు తెలుసు. పిల్లలు కాని కోడలిని జ్వరంతో పుట్టింటికి పంపితే తిరిగి తెచ్చుకున్న దాఖలా మా వాడకట్టులో లేదు. అప్పటికే ఎవరో చుట్టపామె వచ్చి, కోహీర్‌లో ఒక పిల్ల ఉంది, ఊరికే చెబుతున్నా అని, రెండుసార్లు ఊరికే చెప్పి పోయింది. పొద్దున చూస్తే చిన్నమ్మ చీరలు రెండూ మడతపెట్టి పెట్టె మీద ఉన్నాయి.

మర్నాడు మూడోసారి సీసా పట్టుకుని వెళ్లాను. ఖాదర్ సాబు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంకా జ్వరం వస్తున్నదా అని అడిగాడు. వస్తున్నదన్నాను.

"తాగుతున్నదా, ఉమ్మేస్తున్నదా మీ చిన్నమ్మ? సచ్ చెప్పు బేటీ."

"తాగుతున్నది. అందరం తాగుతున్నం."

"అందరు అంటె?"

"ఆరుగురం. మీరు ఆరు గీట్లు పెట్టిన్రు గద."

ఆయన సీసాను బల్ల మీద పెట్టాడు. తరువాత, నీకు చెవులు మోగుతున్నాయా అని అడిగాడు. మోగుతున్నాయన్నాను. మీ బాపుకు? బాపు చెప్పడన్నాను. ఆయన గోడ వైపు తిరిగి అలమరాలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అంగడి నాడు బండి కడతారని కూడా చెప్పాను. అప్పుడు భుజాలు ఆగిపోయాయి. ఇటు తిరిగి, నిండా మందు పోసి, కొత్త కాగితం కత్తిరించి అతికిస్తూ చెప్పాడు:

"మీ నాయినమ్మ నా మాట వినది, డాక్టర్ సాబ్ మాట గూడ వినది. ఎంగిలి మాట వింటది. మీ చిన్నమ్మను సీసాకు నోరు పెట్టి తాగుమను. జర కుదిపి, మొదటి గీటు దాకనే, చుక్క ఎక్కువ వద్దు. ఇగ ఆ సీసాను ఆ ఇంట్ల ఎవరు ముడతరు?" కాస్త ఆగి, తాగే ముందు జొన్న గట్క గాని పాలు గాని కడుపులో పడాలని, ఆ సంగతి నాయినమ్మకు చెప్పకుండా మీ అమ్మకు చెప్పమని కూడా అన్నాడు. ఒక్క థర్మామీటరుతో ఒక ఇంటి రాజ్యాంగమంతా చదివిన మనిషి ఆయన.

ఇంటికి వస్తూనే చిన్నమ్మ చెవిలో చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. పాలిపోవడానికి మిగిలిందేమీ లేదనుకున్నాను గాని, ఉంది. "నాతోని కాదు," అంది. అత్త ముందు గొంతెత్తి మాట్లాడని మనిషి, అత్త చేతిలోని సీసాను ఎంగిలి చెయ్యడమంటే మాటలా? కాసేపటికి, అంగడి ఎన్ని దినాలుంది అని అడిగింది. అయిదన్నాను. అమ్మ మాత్రం చెప్పగానే అర్థం చేసుకుని, నాయినమ్మ స్నానానికి వెళ్లిన సందులో జొన్న గట్కలో పాలు పోసి చిన్నమ్మకు తాగించింది. నాకు తెలిసినంతవరకు మా అమ్మ చేసిన మొదటి నేరం అది. చివరిది కాదు.

స్నానం చేసి వచ్చి నాయినమ్మ సీసా తీసుకుంది. వరసగా నిలబడ్డాం. చిన్నమ్మ తల వాల్చి నోరు తెరిచింది. నాయినమ్మ చెయ్యి ఎత్తింది. ఆ ఎత్తిన చేతి మణికట్టును చిన్నమ్మ రెండు చేతులా పట్టుకుని, సీసాను రెండుసార్లు కుదిపి, కిందికి లాక్కుని నోటికి ఆనించుకుంది. గుటక పడిన చప్పుడు అందరికీ వినిపించింది. అంత తెగింపులోనూ గీటు దాటలేదు, ఆ పిల్ల తరహా అది. తరువాత సీసా వదిలేసి, కొంగుతో మూతి తుడుచుకుని, నేల చూస్తూ నిలబడింది. కాళ్లు వణుకుతున్నాయి. అది జ్వరం దినం కాదు.

నాయినమ్మ సీసా మూతి వంక చూసింది, మా అందరి వంక చూసింది. ఇప్పుడు దీన్ని ఎవరు తాగాలె అని అడిగింది. ఎవరూ ముందుకు రాలేదు. బాపు మొహంలో ఒక పెద్ద త్యాగం తప్పిపోయిన మనిషి దిగులు కనిపించాలి, కనిపించలేదు. నాయినమ్మ గొంతు పెద్దది చెయ్యలేదు. "నువ్వే తాగు ఇగ. అంత నువ్వే తాగు. అడుగుల ఉన్నది గూడ నువ్వే తాగు, అప్పుడు తెలుస్తది," అంది. దినానికి మూడుసార్లు, తానే దగ్గర కూర్చుని, శిక్ష సరిగ్గా అమలవుతున్నదో లేదో చూసింది. ప్రతిసారీ సీసా కుదపనిచ్చింది, తేట తాగి తప్పించుకోవడానికి వీల్లేకుండా. ఏ దవాఖానలోనూ ఏ నర్సూ అంత శ్రద్ధగా మందు తాగించగా నేను చూడలేదు. మరో రెండు దినాలకు ఆ ఎంగిలి సీసాలోనే మళ్లీ మందు తెచ్చాను. దానికి ఇంట్లో ఇంకో వాటాదారు లేరు.

ఒకరి మందు ఇంకొకరు మింగకూడదని, చెప్పినన్ని దినాలు ఆపకుండా వాడాలని, కుదపమన్న సీసాను కుదపాలని ఇప్పుడు అందరికీ తెలుసంటారు. మొన్న మా కింది ఇంటావిడ, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, తనకు బాగా పనిచేసిందని మోకాళ్ల మాత్ర సగం పట్టీ కత్తిరించి నాకు తెచ్చి ఇచ్చింది. దేనికి, ఎన్ని, ఎన్నాళ్లు అని అడిగితే, వేసుకోండి, ఏం కాదు అంది. నాయినమ్మ కనీసం గీట్లు లెక్కపెట్టింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఇప్పుడు నేను మింగేవి పొద్దున నాలుగు, రాత్రి మూడు. మా ఇంట్లో వాటి రంగు కూడా ఎవరికీ తెలియదు. అదే సరైన పద్ధతి, డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ఒక మనిషికి జ్వరమొస్తే ఆరు నోళ్లు చేదయ్యేవి. అది తప్పుడు వైద్యం. తప్పుడు వైద్యమని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. దాని మీద నాకు కోపం ఎందుకు రాదో తెలుసుకోవడానికే నా చదువు చాలలేదు.

మధ్యలో పోయిన రెండు జ్వరం దినాల్లో వణుకు ఒకసారికి ఒకసారి తగ్గింది గాని మానలేదు. అంగడి నాడు మళ్లీ జ్వరం దినం పడింది. పొద్దున్నే కాక బండి ఇరుసుకు కందెన రాసి, గడ్డి పరిచి, పైన చాప వేశాడు. చిన్నమ్మ పెట్టె గడప దగ్గరికి వచ్చింది. అంగడికి పోయే బండ్లు మా ఇంటి ముందు నుంచి పోతూనే ఉన్నాయి, మా ఎద్దులు మాత్రం కాడి కింద నిలబడి ఉన్నాయి. నాయినమ్మ మూడు బొంతలూ పక్కన పెట్టుకుని చిన్నమ్మకు ఎదురుగా కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. చిన్నమ్మ తన చేతులకేసి చూసుకుంటూ ఉంది, మేమంతా ఆ చేతులకేసి చూస్తున్నాం. అవి కదలలేదు. రైలు నిజంగా కూసింది, నిజంగా వెళ్లిపోయింది. నాయినమ్మ లేచి నుదుటి మీద చేతి వెనకవైపు ఆనించింది. కనురెప్ప లాగి చూసింది. నాలుక బయటపెట్టించింది. ఫలితం చెప్పలేదు.

గడప దగ్గరికి పోయి, ఎద్దులను విప్పు, ఊరికే ఎండలో నిలబెట్టినవేంది అని కాకను కసిరింది. కాక పరుగెత్తిన తీరుకు ఎద్దులు బెదిరాయి. పెట్టెను లోపలికి తానే కాలితో తోసింది. తిరిగి వచ్చి చిన్నమ్మ ముందు నిలబడింది, ఇంకేదో తిట్టబోతున్నట్టే నిలబడింది.

"ఏం తింటవ్?" అని అడిగింది.

మా ఇంట్లో ఒక కోడలిని ఆ మాట అడగగా నేను వినడం అదే మొదటిసారి. చిన్నమ్మ కూడా విని ఉండదు. జవాబు చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, నాయినమ్మ అంతసేపూ నిలబడే ఉంది.